బోటు కొనేముందు ఒడ్డు చూసుకోండి

ప్రతి ఏడాది వేట నిషేధం మొదలయ్యే టైంకి ఎవరో ఒకరు ఫోన్ చేసి "అన్నా, ఒక బోటు తీసుకుందామనుకుంటున్నాం, ఏది మంచిది" అంటారు, నేను వెంటనే అడిగేది ఒక్కటే, రాత్రికి దాన్ని ఎక్కడ పెడతావు అని. సగం మంది దగ్గర జవాబు ఉండదు. ఇంజిన్ చూసుకుంటారు, రంగు చూసుకుంటారు, యూట్యూబ్‌లో ఎవడో కేరళ వాడి బోటు గాల్లో ఎగురుతున్నట్టు పోతుంటే అదీ చూసుకుంటారు, కానీ అది రోజులో పదహారు గంటలు ఇసక మీదో ఏట్లోనో ఉంటది కదా, ఆ సంగతి ఎవడికీ పట్టదు. సముద్రం అందరికీ ఒకటే. ఒడ్డే ఊరికో రకం. బోటు పాడయ్యేదీ, మనిషి కాలు విరిగేదీ ఎక్కువ ఆ ఒడ్డు దగ్గరి వంద గజాల్లోనే.

నాది భీమిలి వైపు ఊరు. నాన్నకి కర్ర తెప్ప ఉండేది, అన్నయ్యకి ఇప్పుడు ఫైబర్ ఉంది, నేను మధ్యలో ఆరేళ్ళు విశాఖ హార్బర్లో సోనా అనే పెద్ద మరబోటు మీద కలాసీగా, అంటే పనివాడిగా, వెళ్ళి తర్వాత ఇంజిన్ షెడ్డులో పడ్డాను, ఇప్పుడు బాగుచేసే పనే. కాబట్టి నా మాటల్లో ఇంజిన్ వాసన కొంచెం ఎక్కువ రావచ్చు, తట్టుకోండి.

ముందు ఒడ్డు

మన కోస్తాలో ఒడ్డు మూడు రకాలు అనుకోండి. ఇసక ఒడ్డు, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) ఉన్న ఏరు, హార్బరు. మీది ఏదో తేలితే సగం బోట్లు లిస్టులోంచి వాటంతటవే పోతాయి.

ఇసక ఒడ్డు అంటే శ్రీకాకుళం నుంచి విశాఖ దాటేదాకా చాలా ఊళ్ళది అదే కథ, అడ్డు గోడ ఉండదు, కెరటం నేరుగా వచ్చి విరుగుద్ది, బోటుని మనుషులే నెట్టాలి మనుషులే లాగాలి. ఇలాంటి చోట మన పాతోళ్ళు తెప్ప ఎందుకు కట్టారో ఒకసారి ఆలోచించండి, నాలుగైదు దుంగలు తాళ్ళతో బిగిస్తే అయిపాయె, కెరటం మీద పడ్డా నీళ్ళు దుంగల సందుల్లోంచి కారిపోతాయి, మునిగే ప్రశ్నే లేదు ఎందుకంటే నిండటానికి లోపల ఖాళీ లేదు, ఒడ్డుకొచ్చాక తాళ్ళు విప్పి దుంగలు విడివిడిగా ఆరబెట్టేవాళ్ళు, తడి కర్ర బరువెక్కుద్ది కాబట్టి. ఇప్పుడు ఆ కర్ర దొరకదు, దొరికినా ఆ రేటు పెట్టలేం. ఫైబర్ తెప్ప అని మనోళ్ళు అనేది దాని మనవడే, లోపల థర్మోకోల్ లాంటి ఫోమ్ నింపి అడుగు చదునుగా చేసి రెండు కొనలూ పైకి లేపుతారు.

ఇసక ఒడ్డు వాళ్ళు చూడాల్సింది ఇదే ఆకారం. అడుగు చదునుగా ఉంటే ఇసకలో పక్కకి వాలిపోదు. ముందు కొన ఎత్తుగా ఉంటే కెరటం ఎక్కుద్ది. వెనక కొన కూడా సన్నంగా ఉండాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు, తిరిగి వచ్చేటప్పుడు కెరటం వెనకనుంచి తంతది కదా, వెనక వైపు బల్ల పరిచినట్టు చదునుగా ఉంటే ఆ దెబ్బకి బోటు అడ్డం తిరుగుద్ది, అడ్డం తిరిగాక రెండో కెరటానికి బోల్తా. సన్నటి కొన అయితే కెరటాన్ని చీల్చుకుని రెండు పక్కలకీ పంపుద్ది. ఇక పొడుగు, ఇసక ఒడ్డుకి 24 నుంచి 28 అడుగులు చాలు అని నా మాట. ముప్ఫై దాటితే ట్రాక్టర్ మాట్లాడుకోవాలి.

మా బావ ఈ మాట వినలేదు. నెల్లూరు వైపు ఒక చోట 32 అడుగుల ఫైబర్ చూశాడు, అక్కడ అది ఏట్లో కట్టి ఉంది, నీటి మీద హంసలా ఉంది, బేరం కూడా బాగుందని లారీ మీద వేయించుకొచ్చాడు. దింపిన రోజు ఊరంతా చూడ్డానికొచ్చారు కాబట్టి నెట్టడానికి ఇరవై మంది ఉన్నారు, ఏ ఇబ్బందీ తెలీలేదు. రెండో రోజు ఆరుగురున్నారు. తెల్లారగట్ల నాలుగింటికి మొదలుపెడితే నీళ్ళు తగిలేసరికి అయిదున్నర, అప్పటికి చిన్న తెప్పలోళ్ళు వల వేసి కూర్చున్నారు. ఆగస్టులో ఒక రోజు వచ్చేటప్పుడు ఒడ్డున పట్టుకునేవాళ్ళు లేక అడ్డం తిరిగి పక్క గోడ చీలింది. "బోటు మంచిదేరా, మన ఒడ్డే బాలేదు" అంటాడు ఇప్పటికీ. ఒడ్డుని మార్చలేం కదా బావా అంటే మళ్ళీ కోపం.

మొగ ఉన్న చోట లెక్క వేరు. గోదావరి పాయల దగ్గర, భైరవపాలెం బలుసుతిప్ప వైపు, బోటు ఏట్లో నిశ్శబ్దంగా కట్టేసి ఉంటది, నెట్టే బాధ లేదు, అందుకే అక్కడ బరువైన చెక్క నావలు నిలబడ్డాయి, తాళ్ళరేవు కోరంగి వైపు నావలు ఓడలు కట్టిన చెయ్యి తరాల నాటిది. కానీ మొగ దగ్గర ఇసక తిన్నె ఉంటది చూశారూ, అది వరద వరదకీ జరుగుద్ది, నిరుడు కుడి పక్క లోతున్న చోట ఈ ఏడు మోకాలి లోతు. పాటులో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, వచ్చారంటే పోటు ఎక్కేదాకా బయటే లంగరేసి కూర్చోవాలి, చేప మెత్తబడిపోతా ఉంటది, ఏజెంటు ఫోన్ చేస్తా ఉంటాడు. కాబట్టి ఇక్కడ పొడుగు కాదు చూడాల్సింది, నిండు లోడుతో బోటు అడుగు ఎంత లోతుకి దిగుద్దో చూడాలి. అమ్మేవాడు ఖాళీ బోటు లోతు చెప్తాడు. వల, ఐస్, ఆయిల్, అయిదుగురు మనుషులు ఎక్కాక ఎంత అని అడగండి, ఫ్యాన్ (నీళ్ళని తోసే ఇంజిన్ రెక్కలు) కింద కొన దాకా కలిపి. ఆ లెక్క మీ మొగలో పాటు నాటి లోతు కంటే కనీసం ఒక అడుగు తక్కువ ఉండాలి, ఎందుకంటే అక్కడ కూడా కెరటం ఉంటది, కెరటం దిగినప్పుడు బోటు అడుగు నేలని కొడుద్ది.

హార్బరు సంగతి త్వరగా చెప్పేస్తాను. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, ఇక్కడ జెట్టీ ఉంది కాబట్టి మరబోటు పెట్టుకోవచ్చు. విశాఖలో పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అని సైజుని బట్టి పిలిచేవాళ్ళు, సోనా అంటే 13 మీటర్ల పైన, అడుగుల్లో 43. ఐస్ టన్నుల్లో, డీజిల్ వేల లీటర్లలో, డ్రైవరు కలాసీలు కలిపి ఏడెనిమిది మంది, పది పదిహేను రోజుల వేట. ఒక ట్రిప్పు ఖాళీగా వస్తే ఆ డీజిల్ బిల్లుకి ఇంట్లో బంగారం బ్యాంకుకెళ్ళిద్ది. ఇంకోటి, చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ వేటగాళ్ళది, మరబోటు అక్కడ ట్రాల్ వల (బోటు వెనక ఈడ్చుకుపోయే సంచి వల) లాగకూడదు, ట్రాల్ వలకి తాబేళ్ళు బయటపడే పరికరం కూడా ఉండాలి. సముద్రం మీద పదేళ్ళు లేనివాడు, ఇంట్లో ఇంకో ఆదాయం లేనివాడు మరబోటు జోలికి వెళ్ళొద్దనే నేను చెప్తాను. వెళ్ళేవాడు ఎలాగూ ఇది చదివి ఆగడు.

అసలు ఒడ్డే మిగలని చోట ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఉప్పాడ వైపు చూడండి, సముద్రం ఇళ్ళ గోడల దాకా వచ్చేసింది, తుఫాను వచ్చినప్పుడల్లా బోట్లు రోడ్డు మీదకి ఎక్కించాల్సిందే. అలాంటి చోట మనుషులు ఎత్తగలిగే బరువు తప్ప ఇంకేదీ ముఖ్యం కాదు.

వల తర్వాతే బోటు

ఒడ్డు తేలాక వల. బోటు కొని వల వెతుక్కునేవాడు చెప్పులు కొని కాళ్ళు వెతుక్కున్నట్టే. మీరు ఏ చేపకి వెళ్తారు, ఏ నెలల్లో, వల ఎన్ని ముక్కలు, తడిస్తే ఎంత బరువు, ఏ పక్క నుంచి లాగుతారు, ఇవి కాగితం మీద రాసుకోండి.

రొయ్యల డిస్కో వల అయితే దగ్గర్లోనే పని, బరువు తక్కువ, చిన్న ఫైబర్ తెప్ప చాలు, ముగ్గురు చాలు. కవళ్ళకీ కానాగడతలకీ వేసే సన్నకన్ను వలలో ఒక్కోసారి ఒకేసారి పడిపోద్ది, అప్పుడు చోటు కావాలి, అంచు కొంచెం ఎత్తుండాలి, లేకపోతే అదృష్టం వచ్చిన రోజే బోటు మునిగే రోజు అవుద్ది, ఇది నవ్వులాటకి అనట్లేదు, మా ఒడ్డున జరిగింది. వంజరం, చందువ కోసం రాత్రంతా వదిలే పెద్దకన్ను వలకి దూరం వెళ్ళాలి, రాత్రి బయటే పడుకోవాలి, కాబట్టి కాళ్ళు చాపుకునే చోటు, గాలికి ఆరని పొయ్యి పెట్టుకునే మూల కావాలి. గేలాలకి వెళ్ళేవాళ్ళకి బరువు సమస్య కాదు, బోటు ఒకే చోట కదలకుండా నిలబడాలి, తేలిక బోటు గాలికి కొట్టుకుపోతా ఉంటే గేలం తాడు చేతిలో చిక్కుపడి చస్తారు. రింగు వల (చేపల గుంపుని చుట్టేసే పెద్ద వల) గురించి నన్ను అడక్కండి, విశాఖ జాలరిపేటల మధ్య దాని మీద ఎన్ని గొడవలైనాయో అందరికీ తెలుసు, అది ఒక్కడు కొనే బోటు కాదు, ఊరు కొనే బోటు.

వలని నిలువుగా పోగేస్తే బరువు పైకి పోద్ది, బోటు ఊగుద్ది. అందుకని వల పెట్టే గుంట బోటు మధ్యకి, కిందకి ఉన్నదే తీసుకోండి. ఒక చిన్న పరీక్ష ఉంది. నీటిలో కట్టి ఉన్న బోటు అంచు మీద ఒక కాలు వేసి గట్టిగా నొక్కి వదిలేయండి. గబుక్కున లేచి నిలబడితే మంచిది. నిద్రపోతున్నవాడిని లేపినట్టు మెల్లగా, ఆలోచించి లేస్తే ఆ బోటు మీద పొడుగు వల వెయ్యకండి.

ఐసు పెట్టె చాలామంది బోటు కొన్నాక వేరే డబ్బా కొని ముందు భాగంలో పడేస్తారు, మన ఎండకి చేపకి సమానంగా ఐస్ కావాలి, అంటే వంద కేజీల చేప తెస్తానంటే వంద కేజీల ఐస్‌కి చోటు, రెండూ కలిపి రెండొందల కేజీల బరువు ముక్కు మీద పడితే కెరటం ఎక్కాల్సిన బోటు దాని కిందకి దూరుద్ది. డబ్బా మధ్యలో ఉండాలి. పొద్దున వెళ్ళి పదింటికి వచ్చేసే వాళ్ళకి తడి గోనె చాలు, దీని మీద డబ్బు పెట్టక్కర్లేదు.

ఇంజిన్

ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను. ఒడ్డు తెప్పలకి రెండు రకాలు నడుస్తున్నాయి, వెనక తగిలించే అవుట్‌బోర్డు, పొడుగు షాఫ్టు ఉన్న లాంగ్‌టెయిల్ డీజిలు. అవుట్‌బోర్డు 9.9 హెచ్.పి. అయితే నలభై కేజీల అటూ ఇటూ, ఒక్కడే విప్పి భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోవచ్చు, దొంగల భయం ఉండదు, వేగం ఉంటది, చేప ముందు మార్కెట్టుకి చేరుద్ది. కానీ తాగుద్ది. పూర్తి వేగంలో టూ స్ట్రోకు అయితే గంటకి నాలుగైదు లీటర్లు. డీజిలు లాంగ్‌టెయిలు అదే పవర్‌కి గంటకి రెండు లీటర్లు, కొంచెం పైన. రోజుకి ఆరు గంటలు నడిపేవాడికి ఈ తేడా ఏడాదికి ఎంతో మీరే గుణించుకోండి.

లాంగ్‌టెయిలు శబ్దం భరించలేం అంటారు, నిజమే, మా అన్నయ్యకి ఎడం చెవి సగమే వినపడుద్ది ఇప్పుడు. బరువు కూడా. కానీ ఇసక ఒడ్డు వాళ్ళకి దాని గొప్పతనం ఏంటంటే కెరటంలో షాఫ్టుని చేత్తో నొక్కితే ఫ్యాన్ నీళ్ళలోంచి పైకి లేచిపోద్ది, మళ్ళీ వదిలితే దిగుద్ది, ఇసక తగిలే చోట ఫ్యాన్ విరగదు. అవుట్‌బోర్డుని కూడా లేపొచ్చు, కానీ కెరటం మధ్యలో ఒక చెయ్యి ఇంజిన్ మీద ఒక చెయ్యి అంచు మీద పెట్టి చేసే పని అది, అలవాటు కావాలి. మీకు రిపేరు మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కూడా చూసుకోండి, ఊళ్ళో అందరికీ ఒక రకం ఇంజిన్ ఉంటే మీరు కూడా అదే కొనండి, సముద్రం మీద ఆగిపోయినప్పుడు పక్క బోటు వాడి దగ్గర ప్లగ్గో ఇంజెక్టరు పైపో దొరకాలి. కొత్త మోడల్ కొని ఊళ్ళో మొదటివాడు అవడం వల్ల ఒరిగేదేం లేదు.

పవరు ఎక్కువ పెట్టేయడం ఇంకో జబ్బు. 26 అడుగుల తెప్పకి పదికి మించి పెడితే వేగం ఒక హద్దు దాటి పెరగదు, ముక్కు లేచి వెనక కుంగుద్ది, ఆయిల్ మాత్రం రెట్టింపు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

కొత్త బోటు కంటే చేతులు మారిన బోటే ఎక్కువ మంది కొంటారు కాబట్టి ఇది నిదానంగా చదవండి. ఫైబర్ బోటు చూడ్డానికి ఎండ ఉన్న రోజు పొద్దున్నే వెళ్ళండి, బోటు ఎండిపోయి ఉండాలి, నీళ్ళు కొట్టి కడిగి మెరిపించి పెట్టారంటే అనుమానించండి. ఒక అయిదు రూపాయల బిళ్ళ తీసుకుని అడుగు భాగం మొదలు నుంచి చివరి దాకా జానెడు జానెడుకి తట్టుకుంటూ పోండి. టక్ టక్ మని గట్టిగా పలకాలి. మధ్యలో ఎక్కడో డబ్ అని మెత్తగా పలికితే అక్కడ పొరలు విడిపోయినట్టు, లోపల నీరు చేరినట్టు. సుద్దముక్కతో గుండ్రంగా గీసుకోండి. అరచేతి అంత చోటు ఒకటి రెండు ఉంటే బాగుచేసుకోవచ్చు, అడుగు మొత్తం సుద్ద గీతలైపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

తర్వాత ఇంజిన్ బోల్టులు దిగే చోటు. అక్కడ ఫైబర్ లోపల ప్లైవుడ్డో చెక్కో ఉంటది, బోల్టు రంధ్రం లోంచి నీళ్ళు దిగి అది లోపల కుళ్ళుద్ది, పైకి ఏమీ కనపడదు. ఒక బోల్టు విప్పమనండి. విప్పనంటే కొనకండి. విప్పాక రంధ్రంలో వేలు పెట్టి వాసన చూడండి, తడిసిన గోనె వాసన వస్తే కుళ్ళినట్టే, సన్న స్క్రూ డ్రైవరు దూర్చితే మెత్తటి టీ పొడిలా నల్లగా బయటికి రాలుద్ది. నేను ఒకసారి ఇది చూడకుండా మా చిన్నాన్న కొడుక్కి ఓకే చెప్పేశాను, ఇంజిన్ బావుంది కదా అని ఇంజిన్ దగ్గరే గంట గడిపి, మూడో వారంలో నడి సముద్రంలో ఇంజిన్ బ్రాకెట్టుతో సహా ఊడి తాడుకి వేలాడింది. వాడు ఏమీ అనలేదు, అదే బాధ.

పైన రంగు మీద సాలెగూడు లాంటి సన్న పగుళ్ళు అన్ని బోట్ల మీదా ఉంటాయి, భయపడక్కర్లేదు, కానీ అవి అడ్డపట్టీలు గోడకి అతికే మూలల్లో గుంపుగా ఉంటే బోటు అక్కడ వంగుతోందని అర్థం. మూసేసిన ఫోమ్ గదులు ఉన్న చోట చెవి పెట్టి బోటుని ఊపించండి, లోపల నీటి చప్పుడు వస్తే తేలాల్సిన గది నీళ్ళ తొట్టి అయిపోయిందన్నమాట. నలుగురు కలిసి ఒక కొన ఎత్తి చూసినా తెలిసిపోద్ది, అదే సైజు ఇంకో బోటుని ఎత్తి పోల్చుకోండి.

చెక్క నావ అయితే బిళ్ళ కాదు, చిన్న చాకు. ఉప్పునీటి పురుగు చెక్కని బయట సూది బెజ్జం అంత చోట దూరి లోపల వేలు పట్టే సొరంగాలు చేసేస్తది, పైకి బల్ల నున్నగా ఉంటది. నీటి గీత కింద, అడుగు కర్ర పక్కన, బల్లల జాయింట్ల దగ్గర చాకు మొన నొక్కండి, దిగిపోతే పోయినట్టే. మేకుల తలల కింద ఎర్రగా తుప్పు కారిందేమో చూడండి, ఒకటి రెండు కాదు వరసంతా కారితే మేకులు లోపల సన్నబడిపోయాయి. జాయింట్లలో నూలు కొట్టి గుగ్గిలం నూనె పెట్టింది ఎప్పుడో అడగండి, ప్రతి ఏడాది నిషేధం రోజుల్లో చేయిస్తారు మంచి ఆసామి అయితే. ఒడ్డున పెట్టి ఎండగట్టిన నావ మొదటి రోజు కొంచెం కారుద్ది, చెక్క తాగి ఉబ్బాక ఆగుద్ది, మూడో రోజు కూడా కారుతుంటే అది వేరే జబ్బు.

ఫైబరా చెక్కా అని అడుగుతారు గానీ ఇసక ఒడ్డున ఆ ప్రశ్న అయిపోయింది, ఫైబరే. ఏట్లో మాత్రం, మంచి మేస్త్రి దగ్గర్లో ఉంటే, చెక్కని నేను తీసెయ్యను, కుదురుగా ఉంటది, ఎక్కడ పోయిందో అక్కడ బల్ల మార్చుకోవచ్చు.

సముద్రం కాని వాళ్ళకి

సాగర్, శ్రీశైలం రిజర్వాయర్ల నుంచి కూడా అడుగుతారు. అక్కడ పుట్టిని మించింది లేదు, వెదురు అల్లి పైన పట్టా వేసి తారు పూసింది గానీ ఇప్పుడొచ్చే ఫైబర్ పుట్టి గానీ, నీళ్ళలో మునిగిన చెట్ల మోడుల మధ్య గుండ్రంగా తిరిగి జారిపోద్ది, ఒక్కడే నెత్తి మీద బోర్లించుకుని గట్టెక్కొచ్చు. గాలి లేస్తే మాత్రం పుట్టి మన మాట వినదు, సాయంత్రం మబ్బు పట్టినప్పుడు మధ్యకి పోకండి. కొల్లేరు వైపు తాటి దోనెలు, రెండు కలిపి కట్టిన సంగడి, లోతు లేని నీళ్ళకి అవే సరి, గెడ కర్రతో తోసుకుంటా పోవచ్చు, అక్కడ సముద్రపు బోటు తెచ్చి పెడితే గుర్రపుడెక్కలో ఫ్యాను చిక్కుకుని కూర్చుంటారు.

కాగితాలు, డబ్బు

రిజిస్ట్రేషన్ లేని బోటు చవగ్గా వస్తే తీసుకోకండి, దేనికీ పనికిరాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపినందుకు ఇచ్చే సాయం 2025లో 20,000 చేశారు, అది రావాలన్నా, డీజిల్ సబ్సిడీ రావాలన్నా, బోటు పోతే నష్టపరిహారం అడగాలన్నా ఆ నంబరే. నంబర్లో ఎం.ఎం. అంటే మరబోటు, ఎం.ఓ. అంటే మోటారు తగిలించిన చిన్న బోటు, చూపించిన బోటుకీ కాగితం మీద రకానికీ పొడుగుకీ పొంతన ఉందో లేదో టేపు పెట్టి కొలవండి, పాత తెప్ప నంబరు కొత్త బోటు మీద రాసుకుని తిరిగేవాళ్ళు ఉన్నారు. ఓనరు మార్పిడి ఫిషరీస్ ఆఫీసులో అయ్యేదాకా మొత్తం డబ్బు ఇవ్వకండి.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పాత బోటు బదులు కొత్త బోటూ వలలకి యూనిట్ ఖర్చు 5 లక్షలని పెట్టి జనరల్ వాళ్ళకి 40 శాతం, ఎస్సీలకీ ఎస్టీలకీ మహిళలకీ 60 శాతం సబ్సిడీ పెట్టారు. మీ మండలంలో ఈ ఏడు కోటా ఉందో లేదో ముందు కనుక్కోండి, సబ్సిడీ వస్తదని అప్పు చేసి బోటు తెచ్చి రెండేళ్ళు వడ్డీ కట్టినవాళ్ళని చూశాను. పైగా సబ్సిడీ బోటు అనగానే బోట్లు కట్టే కొన్ని యార్డుల్లో ఒకే అచ్చు, మీ ఒడ్డుతో పనిలేదు, తీసుకుంటే తీసుకో అంటారు. మీకు అర్హత ఉంటే యార్డు మార్చే వీలుందా అని ఆఫీసులోనే అడగండి, మొహమాటపడొద్దు.

ఇన్సూరెన్సు చెయ్యమంటే నవ్వుతారు మనోళ్ళు. 2023 నవంబర్లో విశాఖ ఫిషింగ్ హార్బర్లో రాత్రి అగ్గి అంటుకుని పదుల బోట్లు కాలిపోయాయి, ఫైబరూ డీజిలూ గ్యాస్ సిలిండర్లూ పక్కపక్కనే ఉంటే ఏమవుద్దో ఆ రాత్రి చూశాం. నా పాత డ్రైవరు జెట్టీ మీద లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని అలా నిలబడే ఉన్నాడు పొద్దున్నదాకా. బోటు ఖర్చు లెక్కేసేటప్పుడే ప్రీమియం కూడా అందులో కలిపేసుకోండి, తర్వాత చేద్దాం అంటే చెయ్యరు.

లైఫ్ జాకెట్లు, వీ.హెచ్.ఎఫ్. రేడియో సెట్టు, టార్చి, రెండో లంగరు కూడా అదే లెక్కలో. హైదరాబాదులో ఇన్‌కాయిస్ వాళ్ళు చేప ఎక్కడ దొరకొచ్చో, కెరటాలు ఎప్పుడు ఎత్తు లేస్తాయో రోజూ చెప్తారు, సముద్రం లేని ఊరు నుంచి మనకి సముద్రం సంగతి చెప్తారేంట్రా అని నాన్న నవ్వేవాడు గానీ చివరికి ఆయనే పొద్దున "ఆ హైదరాబాదోళ్ళు ఏమన్నారు" అని అడిగేవాడు.

చివరికి బేరం కుదిరింది అనుకోండి, అడ్వాన్సు ఇచ్చే ముందు ట్రయల్ అడగండి. ఖాళీ బోటుతో కాదు. మీ వల మీరు తీసుకెళ్ళండి, అది తడిపి వెయ్యండి, మీతో వేటకి వచ్చే మనుషులనే ఎక్కించండి, అమ్మేవాడి బావమరుదుల్ని కాదు. వీలైతే మీ ఒడ్డుకే తెప్పించుకోండి, లారీ ఖర్చు మీరే పెట్టుకున్నా నష్టం లేదు. కెరటం మరీ లేని రోజు వద్దు, మరీ రేగిన రోజూ వద్దు. నెట్టేటప్పుడు ఎంతమంది పట్టారో లెక్కపెట్టండి, బయటికి వెళ్ళాక ఇంజిన్ ఆపేసి పావుగంట ఊరికే కూర్చోండి, గాలికి ముక్కు ఎటు తిరుగుద్దో, అడుగున ఎక్కడ తడి చేరుద్దో చూడండి. తిరిగొచ్చేటప్పుడు చుక్కాని దగ్గర అమ్మేవాడు కాదు, మీరే కూర్చోండి.